మేస్త్రీగారి పిల్లి కూత

డాక్టరమ్మ చిన్న ప్రశ్న అడిగింది. పిల్ల చిన్న జవాబు చెప్పింది. అంతే, ఆసుపత్రి మెట్లు దిగి, బస్సెక్కి, ఇల్లు చేరేదాకా మేస్త్రీ భార్య మేస్త్రీతో పలకలేదు.

"బళ్లో ఒంటికి వస్తే లేచి వెళ్లవా తల్లీ?" అన్నది ప్రశ్న.

"వెళ్లను. నేనేం పిల్లిని కాదు" అన్నది జవాబు.

డాక్టరమ్మ నవ్వి, మధ్యలో ఈ పిల్లి ఎక్కడినుంచి వచ్చిందని అడిగింది. ఇంట్లో గువ్వ అని ముద్దుగా పిలుచుకునే ఆ మూడో తరగతి పిల్లకు ఒళ్లు కాలిపోతోంది. అయినా తనకు తెలిసిన సంగతి అడిగితే ఏ పిల్ల ఊరుకుంటుంది? నాన్న మేస్త్రీగా ఉన్న కుట్టు ఫ్యాక్టరీలో పని మధ్య కుర్చీ వదిలి లేచేవాళ్లు కాలుగాలిన పిల్లులట. వాళ్లు లేవగానే నాన్న మ్యావ్ అంటాడట. అందరూ నవ్వుతారట. లేచినవాళ్లు సిగ్గుపడి మళ్లీ కూర్చుంటారట. తను మాత్రం బడి వదిలేదాకా లేవదట, నీళ్లు తాగితే కదా లేవాల్సి వచ్చేది, అందుకని నీళ్లే తాగదట. అంతా గడగడా ఒప్పజెప్పి, మెచ్చుకుంటాడేమోనని నాన్న మొహం వైపు చూసింది.

మేస్త్రీకి అక్కడే తల కొట్టేసినట్టయింది.

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది, కాస్త బరువు దిగేది. ఆ తర్వాత ఆవిడ మాట్లాడిందంతా తల్లితోనే, మేస్త్రీ వైపు తల కూడా తిప్పలేదు. ఈ మధ్య విడిచి విడిచి వచ్చిన జ్వరాలన్నీ ఒకటేనని చెప్పింది. నీళ్లు తాగక, వచ్చినది ఆపుకుని, ఆపుకుని, లోపల పట్టిన చీము పైకి పాకి ఒక కిడ్నీ దాకా వెళ్లిందని చెప్పింది. ఆ కిడ్నీ కాస్త వాచింది. అది చెడిందా, ఇంకా బాగుచేసుకునే దశలోనే ఉందా అన్నది పెద్ద ఆసుపత్రిలో స్కానింగు తీస్తేగానీ తెలియదు. ముందు ఈ సాయంత్రం లోపల పిల్ల బాగా నీళ్లు తాగి తనంతట తాను ఒంటికి వెళ్లాలి. వెళ్లకపోతే తిరిగి తీసుకురావాలి, గొట్టం వేయక తప్పదు.

"భయపెట్టి పంపకండి," అని చివర్న ఒక మాట అంది. ఆ మాట అన్నప్పుడు కూడా తల్లినే చూసింది.

అసలీ పిల్లి ఎలా పుట్టిందో చెప్పుకోవాలి. మేస్త్రీ చెడ్డవాడు కాదు, అక్కడే వచ్చింది చిక్కు. చెడ్డవాడైతే తిట్టేవాడు. తిడితే లైనులో ఆడవాళ్లు నలుగురూ కలిసి ఎదురు తిరిగేవాళ్లు, గొడవై ఏదో ఒకటి తేలేది. ఈయన నవ్వుతాల మనిషి. మిషను మీద కూర్చుని చొక్కాలు కుట్టి కుట్టి మేస్త్రీ అయినవాడు కనుక కసిరితే పని సాగదని తెలుసు, నవ్విస్తే సాగుతుందని కూడా తెలుసు.

కుట్టు ఫ్యాక్టరీలో చొక్కా ఒక మనిషి కుట్టేది కాదు. ఒకామె కాలరు కుడితే పక్కామె చెయ్యి అతుకుతుంది, ఆ పక్కామె జేబు వేస్తుంది. మధ్యలో ఒకరు లేస్తే ఆమె ముందు గుట్ట పేరుకుంటుంది, ఆమె అవతలి మనిషి చేతులు ముడుచుకు కూర్చుంటుంది. పొద్దు వాలేసరికి చెప్పినన్ని తేలకపోతే కూలిలో కోత లైను మొత్తానికీ పడుతుంది. అందుకే ఎవరైనా లేస్తే మేస్త్రీ కంటే ముందు పక్కవాళ్ల మొహాలే మాడిపోయేవి. ఆ మాడు మొహాలు చూడలేక, వాతావరణం తేలికపరుద్దామని ఒకరోజు మేస్త్రీ మ్యావ్ అన్నాడు. లైను ఘొల్లుమంది. లేచినామె కూడా నవ్వి కూర్చుంది. తిట్టు లేదు, జరిమానా లేదు, పని ఆగలేదు. ఇంతకంటే సులువైన ఉపాయం ఉంటుందా? మర్నాటినుంచి అదే అలవాటైంది. కొన్నాళ్లకు లేచేవాళ్లే లేకుండా పోయారు.

ఇంటికొచ్చి భోజనాల దగ్గర ఆ ముచ్చట అభినయించి మరీ చెప్పేవాడు. గువ్వ పడీ పడీ నవ్వేది. దిళ్లన్నీ వరసగా పేర్చి ఫ్యాక్టరీ ఆట ఆడేది. ఏ దిండైనా జారితే మ్యావ్ అనేది. భార్య కూడా నవ్విన రోజులున్నాయి. ఆ సంగతి ఇప్పుడు ఆమెకు గుర్తు చేసే ధైర్యం ఎవరికుంది?

ఇంటికి రాగానే ఆమె పిల్లను మంచం మీద కూర్చోబెట్టి గ్లాసుతో నీళ్లిచ్చింది. గువ్వ ఒక గుక్క తాగి, నాన్నను చూసి, గ్లాసు కింద పెట్టింది. అమ్మ మళ్లీ చేతికిచ్చింది. మళ్లీ ఒక గుక్క, మళ్లీ నాన్న వైపు చూపు. తల్లి ఓపిక గొప్పది, అలా గుక్క గుక్కగా రెండు గ్లాసులు పట్టించింది.

ఎండ పెరట్లోంచి గోడ మీదకి ఎక్కింది. గువ్వ మోకాళ్లు దగ్గరికి చేర్చుకుని, పాదం మీద పాదం వేసుకుని, పెదవి కొరుక్కుంటూ కూర్చుంది. వస్తోందని చూసేవాళ్లకు తెలుస్తూనే ఉంది. వెళ్దామా అని అమ్మ అడిగితే, రావట్లేదంది. మరుగుదొడ్డి పెరటి చివర ఉంది, మూడు వాటాల వాళ్లకూ అదొక్కటే. ఎవరూ లేరు, నేను తలుపు దగ్గర నిలబడతానని అమ్మ బతిమాలింది. గువ్వ తల అడ్డంగా ఊపి, నాన్న వైపు చూసి, ఇంకా బిగుసుకుంది.

తను గదిలో ఉన్నంతసేపూ పిల్ల లేవదని మేస్త్రీకి అప్పుడు అర్థమైంది. కన్నకూతురికి, జ్వరంతో ఉన్న పిల్లకు, తండ్రి ఎదురుగా ఉండటమే జబ్బయి కూర్చుంది. ఆ ఆలోచన రాగానే కళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గోడకున్న మేకు వంక చూశాడు.

"మీరు కాసేపు వీధిలోకి వెళ్లండి," అంది భార్య.

పెళ్లయిన కొత్తల్లోనే పిలుపులు తేల్చుకున్న జంట అది. ఒకే లైనులో పక్కపక్క మిషన్ల మీద పనిచేసి పెళ్లి చేసుకున్నవాళ్లకు మీరు ఏమిటి, గీరు ఏమిటి అని ఆమె మొదటినుంచీ నువ్వు అనే అంటుంది. ఇవాళ ఆ మీరు వినగానే ఇంత వయసొచ్చిన మనిషికి ఏడుపొచ్చినంత పనైంది. చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

వీధి మొగలో సైకిళ్లు బాగుచేసే ముసలాయన బల్ల ఉంది. ఆయన మేస్త్రీని చూసి పలకరించి, పిల్లకెలా ఉందని అడిగాడు. తగ్గుతుందన్నాడు మేస్త్రీ. దేనివల్లట అని ముసలాయన మళ్లీ అడిగాడు. కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది కదా అనుకుని, నీళ్లు పడలేదట అనేశాడు మేస్త్రీ. పాపం ఆ నీళ్లు ఏం పాపం చేశాయని. ముసలాయన నిజమే అనుకుని, నీళ్లు కాచి తాగించమని, పేటలో గొట్టాలన్నీ తుప్పు పట్టాయని చాలాసేపు చెప్పాడు. తేలు కుట్టిన దొంగలా మేస్త్రీ ఊఁ కొడుతూ నిలబడ్డాడు.

తిరిగి వచ్చేసరికి గుమ్మంలో మరదలి చెప్పులున్నాయి.

మరదలంటే భార్యకు చెల్లెలు, గువ్వకు పిన్ని. మేస్త్రీ లైనులోనే కాలర్ల మిషను మీద పనిచేస్తుంది. ఆ పని వేయించింది మేస్త్రీయే. పిల్లకు బాగాలేదని తెలిసి డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, జుట్టు నిండా దారపు పోగులు అలాగే ఉన్నాయి. గువ్వ ఆమె ఒళ్లో తల పెట్టుకుని ముడుచుకుని పడుకుంది. ఇంకా వెళ్లలేదని భార్య మొహమే చెప్పింది.

అక్కాచెల్లెళ్ల మధ్య ఏదో మాట సగంలో ఉంది. మేస్త్రీ రాగానే మరదలు ఆపేసింది. అక్క ఆపనివ్వలేదు.

"చెప్పు. నిన్నూ అన్నాడా?"

మరదలు పిల్ల జుట్టు సవరిస్తూ కూర్చుంది. బావ ఎదురుగా ఆమె ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగదు. ఫ్యాక్టరీలో బావా అని పిలవొద్దు, మేస్త్రీగారూ అనాలి, లేకపోతే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారని చేరిన రోజునే మేస్త్రీ చెప్పాడు. ఆ రోజునుంచి గేటు లోపల ఒక్కసారి కూడా ఆ పిలుపు ఆమె నోట రాలేదు.

"మొదట అన్నది నన్నేనక్కా," అంది చివరికి.

ఆ మాటా నిజమే. మేస్త్రీగారి మరదలికేం, ఎన్నిసార్లు లేచినా అడిగేవాడెవడు అని లైనులో గుసగుసలు మొదలయ్యాయి. తన పర భేదం లేదని చూపించుకోవాలనిపించింది మేస్త్రీకి. ఆ రోజు ఆమె లేచింది, ఈయన మ్యావ్ అన్నాడు. తన మరదల్ని తనే వెక్కిరించుకున్నాడు కనుక ఇంకెవరికీ నోరెత్తే దారి లేకపోయింది. న్యాయం అంటే మేస్త్రీదేనయ్యా అని మెచ్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఆమె మాత్రం ఎర్రబడ్డ మొహంతో నవ్వి కూర్చుంది.

"నవ్వావు కదా నువ్వు," అన్నాడు మేస్త్రీ. అన్నాక ఎందుకన్నానా అనుకున్నాడు.

"నవ్వక ఏం చేస్తాను?" అంది మరదలు నెమ్మదిగా.

తర్వాత మిగతాది తలొంచుకుని అక్కకే చెప్పింది. ఆ రోజునుంచి డ్యూటీలో నీళ్లు ముట్టదు. ఇల్లు చేరాకే తాగుతుంది. తనొక్కతే కాదు, లైనంతా అంతే. ఎండాకాలంలో మధ్యాహ్నానికే ఖాళీ అయ్యే నీళ్ల డబ్బా ఇప్పుడు సాయంత్రానికి కూడా సగం నిండే ఉంటుంది, నీళ్ల ఖర్చు కూడా కలిసొచ్చిందని మేనేజరు సంతోషిస్తున్నాడట. ఒంటికి వెళ్తే మంట. నడుం పట్టేస్తుంది. మందుల షాపువాడికి చెప్పి మాత్రలు తెచ్చుకు మింగుతోంది. కాజాలు కుట్టే పెద్దమ్మకు ఇంకా ఎక్కువ, ఆమె పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు. ఎవరూ ఎవరికీ చెప్పుకోరు. ఏమని చెప్పుకుంటారు, అదేమన్నా చెప్పుకునే జబ్బా?

"ఇంతకాలం నాతో ఎందుకు చెప్పలేదే?" అంది అక్క.

"బావ వేయించిన పని. చెబితే బావ మీద చెప్పినట్టవుతుందని."

పక్క వాటాలో గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది.

"పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని చిన్నప్పటినుంచీ వింటున్నాను. పిల్లి ఎవరో ఇవాళ తెలిసింది," అంది భార్య.

మేస్త్రీకి ముఖం చెల్లలేదు. ఏదో ఒకటి చెప్పుకోవాలని నోటి దాకా వచ్చింది. తను ఎవరినీ పల్లెత్తు మాట అనలేదని, తనను పైనుంచి తొక్కుతున్నారని, చెప్పినన్ని తేలకపోతే ముందు ఊడేది తన ఉద్యోగమేనని. అన్నీ నిజాలే. కానీ ఒళ్లో ముడుచుకున్న పిల్లను చూస్తూ వాటిలో ఒక్కటీ పైకి అనబుద్ధి కాలేదు.

మంచం దగ్గరికెళ్లి నేల మీద కూర్చున్నాడు. గువ్వ కళ్లు తెరిచింది.

"అమ్మలూ, నాన్న ఇంక ఎప్పుడూ అలా అనడు. ఒంటికొస్తే అందరూ లేస్తారు, లేవాలి. నాన్న అన్నదే తప్పు," అన్నాడు.

గువ్వ ఆలోచించింది. పిల్లలు ఊరికే నమ్మరు, మాటలు గట్టి చేసుకుంటారు.

"ఫ్యాక్టరీలో కూడా అనవా?"

"అనను."

"పిన్నిని కూడా?"

మేస్త్రీ మరదలి వైపు చూడలేకపోయాడు. "పిన్నిని కూడా అనను. నీ మీద ఒట్టు."

గువ్వ లేచి కూర్చుంది. అమ్మ చెయ్యి పట్టుకుంది. గుమ్మం దాకా వెళ్లి ఆగి, వెనక్కి తిరిగి నాన్నను చూసింది. మేస్త్రీ రెండు చేతులతో నోరు మూసుకుని చూపించాడు. అప్పుడు గానీ పిల్ల గడప దాటలేదు. పెరటి చివర తలుపు గడియ పడిన చప్పుడు వినపడింది. ఇంకాసేపటికి, అమ్మా, చాలా వచ్చిందే అని గువ్వ గొప్పగా చెప్పుకోవడం వినపడింది. మేస్త్రీ నేల మీదే తల గోడకానించి ఏడ్చాడు. మరదలు చూడనట్టు గ్లాసు కడగడానికి వెళ్లింది.

ఆ పూటకు గొట్టం తప్పింది. స్కానింగు తప్పలేదు.

అసలు గొడవ అక్కడుంది. ధర్మాసుపత్రిలో స్కానింగుకు వరస వచ్చేసరికి నెలలు పడుతుందని, అన్నాళ్లు ఆగొద్దని డాక్టరమ్మ చెప్పింది. బయట తీయించడం వాళ్ల తాహతుకు అందేది కాదు. అయితే మొన్ననే మేనేజరు మేస్త్రీని పిలిచి, నీ లైను చూసి ముచ్చటేస్తోందయ్యా, రెండు లైన్లకూ నిన్నే ఇన్‌ఛార్జిని చేస్తున్నానని చెప్పి, ఇంట్లోవాళ్ల ఫోటోలు కూడా తెప్పించుకున్నాడు. ఆ ఉద్యోగానికి జీతం సంగతి ఎలా ఉన్నా కార్డు ఒకటి వస్తుంది. అది చూపిస్తే ఇంటిల్లిపాదికీ పెద్ద ఆసుపత్రిలో వైద్యం. లైను కూలీలకు ఆ కార్డు లేదు, మేస్త్రీలకూ లేదు, ఇన్‌ఛార్జి నుంచే మొదలు.

లైను చూసి ముచ్చటపడటమంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు. ఏ కూత వల్ల పిల్ల మంచాన పడిందో ఆ కూతే పిల్లకు వైద్యం తెచ్చిపెడుతోంది. మేస్త్రీ ఆ ముక్క గొణిగినట్టు అని, వద్దని చెప్పేస్తానన్నాడు భార్యతో.

ఆమె గువ్వకు మందు పట్టిస్తోంది. చెంచా తుడిచి పక్కన పెట్టింది.

"వద్దని చెప్పి ఏం చేస్తారు? పిల్లను వరసలో నిలబెడతారా? ఆ కార్డు రావాలి. ఆ మాట మీ నోట రాకూడదు. రెండూ జరగాలి. ఎలా జరుపుతారో నాకు తెలియదు."

అదే ఆఖరు. ఆమె మళ్లీ నువ్వు అనలేదు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ లైనులో అడుగుపెట్టాడు. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. అందరి ముందూ నిలబడి, అమ్మా, నా వల్ల తప్పు జరిగింది, ఎవరికి అవసరమైతే వాళ్లు లేవండి అని చెప్పాలని. మిషన్లు మొదలు కాకముందే చెబితే బాగుంటుందనుకున్నాడు. మిషన్లు మొదలయ్యాయి. సరే, ఒక గుట్ట తేలాక చెబుదామనుకున్నాడు. నవ్వించడానికి తడుముకోని నోరు క్షమించమనడానికి ఎంతకీ పెగలలేదు.

ఇంతలో కాజాల పెద్దమ్మ లేచింది. వాచిన పాదాలతో బల్ల పట్టుకుని మెల్లగా లేచింది. మేస్త్రీ నోరు మూసుకునే ఉన్నాడు. కానీ లైను మూసుకోలేదు. ఒక మూలనుంచి మ్యావ్ అని వినపడింది. ఇంకో మూలనుంచి ఇంకోటి. మేస్త్రీ అక్కర లేకుండానే పిల్లి నడవడం నేర్చుకుంది.

"ఇకమీదట ఆ మాట వద్దు. ఎవరూ అనొద్దు," అన్నాడు మేస్త్రీ.

ఘొల్లున నవ్వారు. ఎన్నాళ్లుగానో నవ్వించిన మనిషి ఇవాళ నిజంగా చెబితే అదీ హాస్యమే అయింది. పెద్దమ్మ కూడా నవ్వి, చూద్దాంలే అన్నట్టు కూర్చుండిపోయింది. వెళ్లు పెద్దమ్మా అని మేస్త్రీ దగ్గరికెళ్లి బతిమాలాడు. వేళాకోళం చాలించమంది ఆమె. నవ్వనిది ఒక్కతే, కాలర్ల మిషను దగ్గర మరదలు. ఆమె పక్కన బల్ల మీద నీళ్ల సీసా ఉంది. బావ ఒట్టేశాడు కదా అని ఇవాళ ధైర్యంగా నింపి తెచ్చుకుంది. అప్పటికే సగం తాగేసింది.

మధ్యాహ్నం కాకముందే మేనేజరు వచ్చాడు. వెంట రెండో లైను మేస్త్రీ కూడా ఉన్నాడు, నేర్చుకోవడానికట. మిషన్లు ఆపమని మేనేజరు చప్పట్లు చరిచాడు. ఇకనుంచి మన మేస్త్రీ రెండు లైన్లకూ ఇన్‌ఛార్జి అని ప్రకటించాడు. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. మనస్ఫూర్తిగానే కొట్టారు, మేస్త్రీ అంటే వాళ్లకు ఇష్టమే. మేనేజరు జేబులోంచి కార్డు తీసి చూపించాడు. మేస్త్రీ బొమ్మ, కింద భార్యది, ఆ కింద రెండు జడలతో గువ్వది. మేస్త్రీ చెయ్యి చాచాడు.

మేనేజరు కార్డు ఇంకా వదల్లేదు. అదేదో మంత్రం ఉందటగా, ఎవరైనా లేస్తే అంటావట, నేనెప్పుడూ వినలేదు, ఈయనకు కూడా నేర్పాలి కదా అన్నాడు నవ్వుతూ. మేస్త్రీ, ఏముందండీ, ఊరికే సరదాకి అని నసిగాడు.

సరిగ్గా అప్పుడే మరదలు లేచి నిలబడింది.

కావాలని లేచిందా అంటే, కాదు. పొద్దుట్నుంచి తాగిన నీళ్లు. ఇంక ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు, ఆపుకోవద్దని నిన్ననే కదా ఇంట్లో అందరూ అనుకున్నది. ఆమె మేనేజరును చూసింది, తర్వాత మేస్త్రీని చూసింది.

"బావా, ఒంటికి వెళ్లొస్తాను," అంది.

గేటు లోపల ఆ పిలుపు అదే మొదటిసారి. పక్కనున్న ఆడవాళ్లు మొహాలు చూసుకున్నారు. మేనేజరు కనుబొమలు ఎగరేశాడు.

"మరదలా? అయితే మరీ మంచిది. ఏదీ, అను చూద్దాం."

మేస్త్రీ వేళ్లు కార్డు అంచు మీద ఉన్నాయి. అవతలి అంచు మేనేజరు వేళ్ల మధ్య ఉంది. వెళ్లిరామ్మా అంటే చాలు. ఎంత మాట అది? ఆ మాటకు ఎవరూ ఉరి తీయరు. కానీ మేనేజరు నవ్వు అలాగే నిలబడి ఉంది, ఆ నవ్వు మాయమైతే ఏమవుతుందో మేస్త్రీకి తెలుసు. కార్డు మీద గువ్వ తననే చూస్తోంది. స్కానింగు. వాచిన కిడ్నీ. పిల్ల కోసమే కదా అనుకున్నాడు. ఈ ఒక్కసారే కదా అనుకున్నాడు. మరదలు అర్థం చేసుకుంటుందిలే అని కూడా అనుకున్నాడు, సిగ్గులేకుండా.

"మ్యావ్," అన్నాడు.

మేనేజరు పకపకా నవ్వాడు. రెండో లైను మేస్త్రీ కూడా నవ్వాడు. లైనులో ఇంకెవరూ నవ్వలేదు. పొద్దుట్నుంచి ఆయన వద్దన్నది నిజంగానే వద్దన్నాడని వాళ్లకు ఆ క్షణంలోనే అర్థమైనట్టుంది. కాజాల పెద్దమ్మ తల దించేసుకుంది. మేనేజరు కార్డు వదిలేశాడు. అది మేస్త్రీ చేతికొచ్చింది.

మరదలు కూర్చోలేదు. మెడలో వేలాడే చిన్న కత్తెర తీసి మిషను మీద పెట్టింది. జుట్టులోని దారపు పోగులు దులుపుకుంది. మరుగుదొడ్లు ఎడమ పక్కన ఉన్నాయి. ఆమె అటు తిరగలేదు, తిన్నగా గేటు వైపు నడిచింది. గేటు దగ్గర కాపలావాడు ఏదో అడిగాడు. ఆమె ఆగకుండా దాటి వెళ్లిపోయింది.

"పాపం, ఆ పిల్ల ఇంటికి పోతున్నట్టుందయ్యా," అంది పెద్దమ్మ.

ఎవరింటికో మేస్త్రీకి తెలుసు. ఇవాళ గువ్వ బడికి వెళ్లలేదు. ఇంట్లోనే ఉంది, అమ్మ ఇచ్చే నీళ్లు తాగుతూ. పిన్ని ఇంత పెందలాడే ఎందుకొచ్చిందని మొదట అడిగేది గువ్వే. మరదలికి అబద్ధమాడటం చేతకాదు.